డబ్బు పడింది సరే, మనదైందా?

కారు అమ్ముతామని ప్రకటన పెట్టిన రెండో రోజో మూడో రోజో ఇలాంటి మెసేజ్ ఒకటి వస్తుంది: "మీ బండి ఫొటోలు చూశాను, నచ్చింది. బేరమాడను, మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను. ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాను కాబట్టి వచ్చి చూసే వీలు లేదు. డబ్బు ముందే పంపేస్తాను. అది అందాక మా షిప్పింగ్ ఏజెంటు వచ్చి బండి తీసుకెళ్తాడు."

చదివితే తప్పు పట్టడానికి ఏమీ కనపడదు. మనిషి మర్యాదగా మాట్లాడుతున్నాడు, గీచి గీచి బేరమాడటం లేదు, పైగా డబ్బు ముందే ఇస్తానంటున్నాడు. ఇది పంపినవాడు దొంగ కావచ్చు, నిజంగా కొనాలనుకునేవాడూ కావచ్చు. జపాన్‌లో వాడిన కార్లు దశాబ్దాలుగా ఓడలెక్కి న్యూజిలాండ్‌కీ, కెన్యాకీ, రోడ్డుకి ఎడమవైపు బండి నడిపే ఇంకెన్నో దేశాలకీ వెళ్తూనే ఉన్నాయి. కొన్నవాళ్ళు బండిని ముట్టుకుని చూసేది చాలాసార్లు అది రేవులో దిగాకే. పాత మోడళ్ళు సేకరించేవాళ్ళయితే ఒక్క బండి కోసం ఖండాలు దాటతారు. అందుకని విదేశం అనగానే మోసమని తలుపు వేసుకుంటే మంచి బేరాలూ పోతాయి.

ఆ మెసేజ్‌లో గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒక్కటే: "డబ్బు అందాక". అందడమంటే ఏమిటి?

ఖాతాలో అంకె కనిపించడం ఒకటి. ఆ డబ్బుని ఇక ఎవరూ వెనక్కి లాక్కోలేని స్థితికి రావడం ఇంకొకటి. ఈ రెండిటి మధ్య ఎడం ఒక్కో చెల్లింపు పద్ధతిలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిట్లో సెకన్లు, కొన్నిట్లో ఆరు నెలలు. బండి విషయంలో మాత్రం అలాంటి ఎడమేమీ ఉండదు. తాళాలూ కాగితాలూ ఇచ్చి ఓడ ఎక్కించామంటే అది వేరే దేశపు చట్టం కిందికి వెళ్ళిపోయినట్టే. అక్కడ లాయరుని పెట్టుకుని కేసు నడిపితే ఆ ఖర్చు బండి ధరని మించిపోవచ్చు. కాబట్టి వెనక్కి రాని వస్తువు ఇస్తున్నప్పుడు, వెనక్కి పోని డబ్బే తీసుకోవాలి. ఏ డబ్బు వెనక్కి పోగలదు, ఎన్నాళ్ళలోపు, ఎవరి మాట మీద అన్నది తెలిస్తే సగం పని అయిపోతుంది.

"క్లియర్ అయింది" అనే మాట

ఈ లెక్కలో అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది పాతకాలపు కాగితం: బ్యాంకు డ్రాఫ్టు, లేదా అమెరికా లాంటి చోట్ల క్యాషియర్స్ చెక్కు అనే బ్యాంకు చెక్కు. మామూలు చెక్కయితే వెనక డబ్బు లేకపోవచ్చని అందరికీ అనుమానం ఉంటుంది. డ్రాఫ్టు మీద ఉన్నది బ్యాంకు సంతకం కదా, బ్యాంకు ఎగ్గొడుతుందా అనుకుంటారు. ఎగ్గొట్టదు, నిజమే. కానీ ఆ సంతకం బ్యాంకుదే అని చెప్పిందెవరు?

లోపల జరిగేదిది. మీరు డ్రాఫ్టు వేయగానే మీ బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో చూపిస్తుంది. అమెరికాలో అయితే చట్టమే తొందరపెడుతుంది: కౌంటర్లో స్వయంగా ఇచ్చిన బ్యాంకు చెక్కు డబ్బుని, ఒక పరిమితి వరకు, మర్నాటి పనిదినానికల్లా వాడుకోనివ్వాలి. ఆ చెక్కు జారీ చేసిన బ్యాంకుకి వెళ్ళి, అసలుదా నకిలీదా తేలి, తిరిగి రావడానికి మాత్రం ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోపు మీరు ఫోన్‌లో చూస్తే డబ్బు ఉంటుంది. తీస్తే వస్తుంది. కౌంటర్లో అడిగితే "క్లియర్ అయిందండీ" అని కూడా అనొచ్చు. ఆ ఉద్యోగి అబద్ధం చెప్పడం లేదు. తీసుకోవడానికి వీలుందని అతని భావం, ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరని మీ అర్థం. ఒకే మాట, రెండు తాత్పర్యాలు. మూడో వారంలో నకిలీ అని తేలితే ఆ మొత్తాన్ని బ్యాంకు మీ ఖాతా నుంచే తీసేసుకుంటుంది, ఎందుకంటే చెక్కు తెచ్చి వేసింది మీరు.

జాగ్రత్తపరులు చెక్కు మీదున్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కుంటారు. ఆ నంబరు అచ్చు వేసినవాడే ఫోనెత్తి "అవునండీ, మా బ్యాంకుదే" అంటాడు. బ్యాంకు సొంత సైట్లో నంబరు వెతికి చేస్తే కొంత మేలు. అప్పుడు కూడా, అదే నంబరుతో నిజమైన చెక్కు ఒకటి ఎక్కడో ఉండి, మన చేతిలో ఉన్నది దాని నకలు అయ్యుంటే, బ్యాంకు "అలాంటి చెక్కు ఉంది" అనే చెబుతుంది. కొనేవాడు ఎంత మంచివాడైనా సరే, దేశం దాటి వచ్చే చెక్కుని బండికి బదులుగా తీసుకోవద్దనే నేను చెబుతాను. తీసుకోక తప్పకపోతే, తాత్కాలిక జమ వద్దని, జారీ చేసిన బ్యాంకు నుంచి డబ్బు వచ్చాకే ఖాతాలో వేయమని మీ బ్యాంకుకి చెప్పొచ్చు. దాన్ని కలెక్షన్‌కి పంపడం అంటారు. వారాలు పడుతుంది, ఫీజు తగులుతుంది, కొనేవాడు విసుక్కుంటాడు.

ఈ తాత్కాలిక జమ మీదే ఒక మోసం మొత్తం నిలబడి ఉంది. బండి ధర 100 అనుకోండి. వచ్చిన డ్రాఫ్టు 130కి ఉంటుంది. వెంటనే ఒక మెసేజ్: "షిప్పింగ్ వాళ్ళకి ఇవ్వాల్సింది కూడా పొరపాటున దాంట్లోనే కలిపేశారు. మిగిలిన 30 మా ఏజెంటుకి పంపేయండి, మీ శ్రమకి అందులో ఒకటి ఉంచుకోండి." మీ ఖాతాలో 130 కనిపిస్తోంది కాబట్టి 29 పంపుతారు. ఆ 29 మాత్రం అసలు సిసలు డబ్బు, మీ సొంత డబ్బు. కొన్ని వారాల తర్వాత 130 మాయమవుతుంది. ఆ ఏజెంటు, ఆ కొనుగోలుదారు ఒక్కడే అయినప్పుడు అతనికి మీ కారుతో పనే లేదు. ఆ 29 కోసమే ఇన్ని రోజులు మర్యాదగా ఉత్తరాలు రాశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, అమ్మకం మొదలుపెట్టినవాడు చివరికి ఎదురు కట్టి కూర్చుంటాడు.

ఈ కథలో గుర్తుపట్టాల్సింది కాగితం రకాన్ని కాదు, డబ్బు నడిచే దిక్కుని. అమ్మేవాడి దగ్గర్నుంచి డబ్బు బయటికి వెళ్ళాల్సిన కారణం ఏదైనా సరే, షిప్పింగనీ, కస్టమ్స్ అనీ, ఇన్సూరెన్స్ అనీ, ఖాతా అప్‌గ్రేడ్ ఫీజనీ ఎవరు చెప్పినా, బేరం అక్కడితో ఆపేయొచ్చు. ఓడ ఖర్చు కొనేవాడిది. అతని ఏజెంటుకి అతనే కట్టుకుంటాడు.

కార్డు, వాలెట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కార్డు మీద వచ్చిన డబ్బుని ఛార్జ్‌బ్యాక్ పేరుతో వెనక్కి అడగడానికి మామూలుగా 120 రోజుల దాకా గడువుంటుంది. పేపాల్‌లో కొన్నవాళ్ళు వివాదం లేవనెత్తడానికి 180 రోజులు. పేపాల్ కొనుగోలు రక్షణలో మోటారు వాహనాలు లేవు కదా, ఇక నాకేం భయం అని అమ్మేవాళ్ళు కొందరు ధీమాగా ఉంటారు. ఆ పేపాల్ వెనకాల ఒక కార్డు ఉండొచ్చు, ఆ కార్డు బ్యాంకుకి వేరే నియమాలుంటాయి. అసలు ఆ ఖాతాయే ఎవరి దగ్గరో దొంగిలించింది అయితే అసలు యజమాని మేలుకున్న రోజు డబ్బు వెనక్కి పోతుంది. సైకిల్ అమ్మడానికి ఇవి బాగానే పనికొస్తాయి. కారుకి వద్దు. ఇక "డబ్బు పెండింగ్‌లో ఉంది, షిప్పింగ్ నంబరు ఇస్తే విడుదల చేస్తాం" అంటూ వాలెట్ సంస్థ పేరుతో వచ్చే మెయిల్‌ని నమ్మకండి. ఆ మెయిల్ మూసేసి, అందులోని లింకు ముట్టుకోకుండా, మీ యాప్ మీరే తెరిచి చూడండి. అక్కడ లేకపోతే ఎక్కడా లేదు.

బ్యాంకు నుంచి బ్యాంకుకి

మిగిలింది బ్యాంకు ట్రాన్స్‌ఫర్. ప్రైవేటుగా కారు అమ్మేవాళ్ళకి ఇదే సరైన దారి, దీని మీద కాస్త నిలబడదాం.

ముందుగా, "ట్రాన్స్‌ఫర్" అనే పేరు కింద రెండు భిన్నమైన జంతువులున్నాయి. ఒకటి, కట్టేవాడు తన బ్యాంకుకి చెప్పి మనకి తోయడం. రెండోది, కట్టేవాడి అనుమతితో అతని ఖాతా నుంచి డబ్బు లాగడం. యూరో చెల్లింపుల ప్రాంతమైన సేపాలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లాగే పద్ధతిలో, అంటే డైరెక్ట్ డెబిట్‌లో, కట్టిన వ్యక్తి 8 వారాల్లోపు ఏ కారణమూ చెప్పకుండా డబ్బు వెనక్కి తెప్పించుకోవచ్చు. అనుమతే ఇవ్వలేదంటే 13 నెలల దాకా గడువుంది. తోసే పద్ధతిలో ఇన్‌స్టంట్ ట్రాన్స్‌ఫర్ అయితే 10 సెకన్లలో చేరుతుంది, చేరాక పంపినవాడు తన ఇష్టానికి రద్దు చేసుకోలేడు. అవే బ్యాంకులు, అవే ఖాతా నంబర్లు, డబ్బు తలరాత మాత్రం వేరు. అమెరికాలో కూడా అంతే: ఏసీహెచ్ అనే బ్యాంకుల నెట్‌వర్కు ద్వారా ఖాతా నుంచి లాగిన సొమ్ముని వ్యక్తిగత ఖాతాదారు అనుమతి లేదంటూ 60 రోజుల దాకా తిప్పి పంపించొచ్చు, తోసే పద్ధతైన వైర్ ట్రాన్స్‌ఫర్‌ని అలా తిప్పడం కుదరదు. కాబట్టి కొనేవాడు "ట్రాన్స్‌ఫర్ చేస్తాను" అంటే ఏ ట్రాన్స్‌ఫరో అడగాలి. తోసేదే కావాలి.

దేశాల మధ్య వైర్ అంటే చాలామందికి గుర్తొచ్చేది స్విఫ్ట్. 1973లో పుట్టి, బెల్జియంలోని లా హుల్ప్ కేంద్రంగా నడిచే ఈ సంస్థ 200కి పైగా దేశాల్లో 11,000కి పైగా ఆర్థిక సంస్థల్ని కలుపుతుంది. అయితే స్విఫ్ట్ డబ్బు మోయదు. అది సందేశాలు మోస్తుంది. "ఫలానా ఖాతాలో ఇంత వేయండి, మా లెక్కలో తగ్గించుకోండి" అని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకి రాసే చీటీలవి. రెండు బ్యాంకులకి ఒకదానితో ఒకటికి ఖాతా లేకపోతే మధ్యలో ఒకటో రెండో కరస్పాండెంట్ బ్యాంకులు వస్తాయి. ఒక్కోటీ తన ఫీజు కోసుకుంటుంది. బేరం కుదిరింది 100కి అయితే 99 కన్నా తక్కువ రావడానికి కారణం ఇదే. ఫారంలో ఛార్జీలు ఎవరివన్న గడిలో మూడు మాటలుంటాయి: అవర్ అంటే పంపేవాడివే, షా అంటే చెరికొన్ని, బెన్ అంటే అందుకునేవాడివే. అవర్ పెట్టమని ముందే చెప్పాలి. తర్వాత చెబితే మిగతా కొసరు కోసం పోట్లాట తప్పదు.

సందేశం, డబ్బు వేర్వేరు అని తెలిస్తే ఇంకో మోసం దానంతటదే విడిపోతుంది. కొనేవాడు ఒక పీడీఎఫ్ పంపిస్తాడు. పైన బ్యాంకు లోగో, కింద ఎంటీ103 అని శీర్షిక, అంకెలు, కోడ్లు, ఒక ముద్ర. "డబ్బు పంపేశాను, ఇదిగో రుజువు. ఓడ ఎల్లుండే బయల్దేరుతోంది, బండి రేవుకి పంపండి." ఎంటీ103 అనేది వ్యక్తుల తరఫున పంపే చెల్లింపు సందేశానికి స్విఫ్ట్‌లో ఉన్న పాత పేరు. 2025 నవంబరుతో బ్యాంకుల మధ్య దేశాంతర చెల్లింపుల్లో దాని బదులు ఐఎస్ఓ 20022 అనే కొత్త రూపం వచ్చింది, పాత పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. పీడీఎఫ్ నిజమైనదే అయినా అది చెప్పేది చీటీ రాశారని మాత్రమే. నకిలీదైతే అదీ చెప్పదు. ఇలాంటి కాగితం తయారుచెయ్యడానికి ఒక కంప్యూటరూ, ఒక సాయంత్రమూ చాలు.

దాని మీద పనికొచ్చేది ఒక్కటుంది. అంతర్జాతీయ చెల్లింపులకి యూఈటీఆర్ అనే గుర్తింపు ఉంటుంది, మధ్యలో గీతలతో కలిపి 36 అక్షరాలు. అది తీసుకుని మీ బ్యాంకుకి ఇచ్చి "ఇది ఎక్కడుంది?" అని అడగండి. ఆ గుర్తుతో డబ్బు ఏ బ్యాంకు దాకా వచ్చిందో బ్యాంకులు చూసుకోగలవు. కొనేవాడు పంపిన ట్రాకింగ్ లింకులో చూడొద్దు. ఆ లింకు పేజీ కూడా అతనే తయారుచేసుండొచ్చు.

మీ ఖాతా నంబరు ఇచ్చేటప్పుడు భయపడాల్సినంత లేదు, డబ్బు రావాలంటే ఇవ్వక తప్పదు. ఐబాన్ అనే అంతర్జాతీయ ఖాతా నంబరు వాడే దేశాల్లో నంబరు 34 అక్షరాలకి మించదు. దేశం కోడ్ తర్వాత వచ్చే రెండంకెలు 97తో భాగించే లెక్కతో పుట్టినవి, ఒక అంకె తప్పు కొడితే ఆ లెక్క కుదరక దొరికిపోతుంది. అయినా నేనైతే ఇలాంటి పనికి వేరే ఖాళీ ఖాతా ఒకటి వాడతాను. ఆన్‌లైన్ పాస్‌వర్డు, ఓటీపీ, కార్డు వెనక మూడంకెలు డబ్బు అందుకోవడానికి ఎవరికీ అక్కర్లేదు. అవి అడిగాడంటే అతను పంపించేవాడు కాదు.

డబ్బు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దాటి, వైర్ వచ్చి, ఖాతాలో నిలిచిందనుకుందాం. ఒక గొయ్యి ఇంకా ఉంది. దీని గురించి అమ్మేవాళ్ళు ఆలోచించడం నేను చాలా తక్కువ చూశాను.

కొనేవాడి పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటి. అడిగితే "మా బావమరిది కంపెనీ నుంచి పంపించాను", "మా దేశంలో పరిమితులున్నాయి, స్నేహితుడి ఖాతా వాడాను" అంటాడు. ఒక్కోసారి నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇలా కూడా జరుగుతుంది: ఏదో కంపెనీ మెయిల్‌లోకి దొంగ దూరి, వాళ్ళు సరుకు సరఫరాదారుకి కట్టాల్సిన బిల్లు మీద ఖాతా నంబరు మార్చి మీ ఖాతా నంబరు పెడతాడు. ఆ కంపెనీ బిల్లు కట్టాననుకుని మీకు డబ్బు పంపుతుంది. మీరు కారు డబ్బు వచ్చిందనుకుని దొంగకి బండి ఇస్తారు. మోసపోయిన కంపెనీ ఫిర్యాదు చెయ్యగానే పోలీసులకి దొరికే మొదటి పేరు, మొదటి ఖాతా మీవి. పంపిన బ్యాంకు వెనక్కి పంపమని అడుగుతుంది, మీ బ్యాంకు ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు ఖాతా మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. వైర్ ట్రాన్స్‌ఫర్ వెనక్కి పోదు అన్నది పంపినవాడి ఇష్టానికి సంబంధించిన మాట. కోర్టుకీ, నేర దర్యాప్తుకీ అది వర్తించదు.

అందుకే ఒప్పంద పత్రం మీద కొనేవాడి పేరు, గుర్తింపు పత్రంలో పేరు, డబ్బు వచ్చిన ఖాతా పేరు, ఈ మూడూ ఒకటే అయ్యుండాలని ముందే రాసుకోవాలి. తేడా వస్తే డబ్బు వాడకుండా, బండి కదపకుండా బ్యాంకుకి చెప్పాలి. ముఖ్యంగా, "పొరపాటున ఎక్కువ వచ్చింది, ఈ వేరే ఖాతాకి తిరిగి పంపండి" అంటే మీ చేత్తో కొత్త చెల్లింపు చెయ్యొద్దు. వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా తిప్పించండి. చెల్లించే ముందు పేరు, ఖాతా నంబరు సరిపోల్చి చూపే సదుపాయం బ్రిటన్‌లో 2020 నుంచి విస్తరించింది, యూరో ప్రాంతంలో 2025 అక్టోబరు 9 నుంచి బ్యాంకులకి తప్పనిసరి అయింది. అది పంపేవాడికి కనిపించేది, మనకి కాదు. మన వైపు నుంచి పంపినవాడి పేరు చూసుకోవడం మన పనే.

ముందు ఎవరు?

కొనేవాడి వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. డబ్బు వెనక్కి రాని దారిలో పంపమంటున్నాం. అతను ఎప్పుడూ చూడని మనిషికి, చూడని బండికి. మనం దొంగలమైతే? అతని భయం మన భయమంత న్యాయమైనదే. ఇద్దరూ తాము చివర ఇస్తామంటే ఎవరూ ఇవ్వరు.

ఈ చిక్కు బ్యాంకులకే తప్పలేదు. 1974 జూన్ 26న జర్మనీలోని కొలోన్‌లో హెర్‌స్టాట్ బ్యాంకుని అధికారులు అక్కడి సాయంత్రం మూసేశారు. అప్పటికి న్యూయార్క్‌లో ఇంకా పొద్దున్నే. దానితో కరెన్సీ మార్పిడి చేసుకున్న బ్యాంకులు జర్మన్ మార్కులు అప్పటికే ఇచ్చేశాయి. బదులుగా న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్లు రాలేదు. ఇచ్చిన గంటకీ పుచ్చుకునే గంటకీ మధ్య తలుపు మూసుకుపోయింది. దానికి స్థిరమైన విరుగుడుగా రెండు వైపులా ఒకేసారి కదిలేలా చేసే సీఎల్ఎస్ అనే వ్యవస్థ 2002లో గానీ మొదలవలేదు. అంత పెద్ద బ్యాంకులకే ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

మన స్థాయిలో ఆ వ్యవస్థకి దగ్గరి చుట్టం ఎస్క్రో. కొనేవాడు మూడో సంస్థ దగ్గర డబ్బు వేస్తాడు. డబ్బు నిజంగా చేరిందని ఆ సంస్థ మనకి చెప్పాక బండి ఇస్తాం. బండి సరిగా ఉందని అతను ఒప్పుకున్నాక మనకి డబ్బు వదులుతుంది. చక్కటి ఆలోచన, దొంగలకీ అంతే చక్కగా నచ్చింది. నకిలీ ఎస్క్రో సైటు పెట్టి "డబ్బు మా దగ్గర చేరింది, బండి పంపండి" అని మెయిల్ పంపడం ఎంత తేలిక! కాబట్టి ఎస్క్రో సంస్థ పేరు కొనేవాడు సూచిస్తే, ఆ సూచన దగ్గరే ఆగి, నియంత్రణ సంస్థ సైట్లో లైసెన్సు ఉందో లేదో స్వయంగా చూడాలి. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి చోట ఎస్క్రో నడపడానికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. సైటు డొమైన్ ఎప్పుడు నమోదైందో చూడటానికి నిమిషం చాలు. పదేళ్ళ అనుభవం ఉందని రాసుకున్న సంస్థకి డొమైన్ వయసు పదిహేను రోజులుంటే ఇక చర్చ అక్కర్లేదు. అసలైన సంస్థతో కూడా ఒకటి తేల్చుకోవాలి: బండి తనిఖీ ఎక్కడ? సముద్రం దాటాక చూసి వద్దంటే తెచ్చుకునే ఖర్చెవరిది? ఓడ ఎక్కకముందే, కొనేవాడు ఎంచుకున్న మెకానిక్ వచ్చి చూసి ఒప్పుకుంటే తనిఖీ అయిపోయినట్టు అని రాయించుకోవడం మేలు.

లెటర్ ఆఫ్ క్రెడిట్ గురించి కొందరు చెబుతారు, అంటే ఫలానా పత్రాలు చూపిస్తే డబ్బు కడతామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాల కింద బ్యాంకులు చూసేది పత్రాలని మాత్రమే, సరుకుని కాదు. పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకి గరిష్ఠంగా ఐదు పనిదినాలు. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా అభ్యంతరం రావచ్చు. ఒక్క కారు కోసం ఇంత యంత్రాంగం దండగ. చాలా ఖరీదైన పాత బండి అయితే ఆలోచించొచ్చు.

నగదు? కొనేవాడు విమానమెక్కి వస్తే, మీ బ్యాంకు కౌంటర్లో, మీ ఎదుట, అక్కడి యంత్రంలో లెక్కించి ఖాతాలో వేసుకునేలా అయితే సరే. నోటు మీద గీస్తే రంగు మారే పెన్నులు పెద్ద ఆధారం కావు. అవి కాగితంలో గంజి పదార్థాన్ని పట్టిస్తాయి, చిన్న నోటుని కడిగి పెద్ద నోటుగా అచ్చేస్తే పెన్నుకి తెలియదు. యూరోపియన్ యూనియన్ సరిహద్దులో 10,000 యూరోలు గానీ అంతకు మించి గానీ, అమెరికా సరిహద్దులో 10,000 డాలర్లకి మించి గానీ ఉంటే ప్రకటించాలి. ప్రకటించిన కాగితం నకలు కొనేవాడి దగ్గర ఉందా అని అడగండి, మీ బ్యాంకు మిమ్మల్ని అడగొచ్చు. క్రిప్టో అయితే, బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకో బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, ఆరు బ్లాకులు దాటాక ఖాయమని వాడుక. వెనక్కి పోదు, నిజమే. కానీ అదే పేరుతో విలువలేని నకిలీ టోకెన్లు పంపేవాళ్ళున్నారు, ఆ డబ్బు గత చరిత్ర మీ నెత్తిన పడొచ్చు. క్రిప్టో అలవాటు లేనివాళ్ళు దాన్ని నేర్చుకోవాల్సిన చోటు కారు అమ్మకం కాదు.

బండి ఎప్పుడు కదలాలి

వరస ఎలా ఉండాలో నా లెక్క చెబుతాను. మొదట వీడియో కాల్‌లో బండి చూపిస్తాను, ఛాసిస్ నంబరు పలకతో సహా. చాలా బండ్లకి ఆ నంబరులో 17 అక్షరాలుంటాయి. ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటి సున్నాలతో పొరబడకుండా. కానీ యాజమాన్య పత్రం స్కాన్‌ని స్పష్టంగా పంపను. మీ ఫొటోలు, నంబరు, పత్రం నకలు చేతిలో ఉంటే అతను మీ బండినే ఇంకో చోట తనదిగా అమ్మకానికి పెట్టగలడు. అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరు, తేదీ అడ్డంగా రాసిన నకలు సరిపోతుంది.

తర్వాత రెండు పేజీల ఒప్పందం. ధర ఏ కరెన్సీలో, మారకం తేడా ఎవరిది, ఛార్జీలు ఎవరివి, డబ్బు ఎవరి పేరున రావాలి, ఎన్ని రోజుల్లో రావాలి. బయానా తీసుకుంటే అది కూడా వైర్‌లోనే, బేరం చెడితే ఏమవుతుందో రాసుకుని. బండి మీద అప్పుంటే అది తీరే పద్ధతి కూడా ఇందులోనే ఉండాలి, లేకపోతే కొనేవాడి భయం తీరదు.

డబ్బు పడ్డాక బ్యాంకుకి ఫోన్ చేసి, లేదా వెళ్ళి, "క్లియర్ అయిందా?" అని అడగను. ఇలా అడుగుతాను: "ఇది తాత్కాలిక జమా, తుది జమా? పంపినవాళ్ళు గానీ వాళ్ళ బ్యాంకు గానీ నా అనుమతి లేకుండా దీన్ని వెనక్కి తీసుకునే వీలుందా? పంపిన ఖాతా ఎవరి పేరున ఉంది?" వీలైతే జవాబు రాతపూర్వకంగా తీసుకుంటాను. "బహుశా లేదండీ" అనేది జవాబు కాదు. శుక్రవారం సాయంత్రం ఈ ప్రశ్నకి జవాబిచ్చే మనిషి దొరకడు, అందుకే తొందరపెట్టే మెసేజ్‌లు శుక్రవారం సాయంత్రమే వస్తాయనిపిస్తుంది. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు. యూఏఈ 2022లో శని, ఆదివారాలకి మారింది. ఇద్దరి వారాంతాలూ వేరైతే వారంలో నాలుగు రోజులే రెండు వైపులా బ్యాంకులు తెరిచుంటాయి. ఆ రోజులు లెక్కేసుకుని ఓడ తేదీ మాట్లాడుకోవాలి.

తుది జమ అని తేలేదాకా అసలు పత్రాలు నా దగ్గరే ఉంటాయి. ఏజెంటు బండిని రేవుకి ముందే తీసుకెళ్తానన్నా సరే, పత్రం లేకుండా చాలా దేశాల్లో బండి ఎగుమతి కాదు. అమెరికాలో వాడిన బండి యాజమాన్య పత్రాన్ని ఎగుమతికి కనీసం 72 గంటల ముందు కస్టమ్స్‌కి చూపాలి. ఆ కాగితమే మన చేతిలోని ఆఖరి తాళం. ఇచ్చిన రోజే బండి అమ్మేసినట్టు మన దగ్గరి రిజిస్ట్రేషన్ అధికారులకి తెలియజేసి, రసీదు ఉంచుకోవాలి. ఆ మధ్యలో బండి రేవు దారిలో ఎవరినైనా గుద్దితే నోటీసు పాత యజమాని పేరునే వస్తుంది.

వచ్చిన ఏజెంటు నిజంగా ఆ కంపెనీ మనిషేనా అన్నది చివరి తనిఖీ. అతనిచ్చిన కార్డు మీది నంబరుకి కాకుండా, షిప్పింగ్ కంపెనీ సైట్లోని నంబరుకి ఫోన్ చేసి, బుకింగ్ నంబరు, డ్రైవరు పేరు, ఛాసిస్ నంబరు చివరి ఆరంకెలు వాళ్ళ చేత చదివించుకుని, పత్రంతో సరిపోల్చుకున్నాకే తాళాలు జేబులోంచి తీస్తాను.